సగటు 7 నిమిషాలే, అయినా ఫిర్యాదులెందుకు? వెయిటింగ్ టైమ్ లెక్కలు చదవడం ఎలా

అడిగిన ప్రశ్న క్లుప్తంగా: "మా సర్వీస్ కౌంటర్ దగ్గర రెండు గంటల్లో వచ్చిన 20 మంది కస్టమర్లు తమ వంతు కోసం ఎన్ని నిమిషాలు ఆగారో రాసుకున్నాను. వచ్చిన వరుసలో ఇవి: 1, 2, 2, 1, 3, 3, 4, 2, 5, 4, 6, 8, 14, 19, 34, 11, 7, 6, 5, 3. సగటు 7 వచ్చింది. మా లక్ష్యం 10 నిమిషాల లోపు కాబట్టి అంతా బాగుందని మేనేజర్ అంటున్నారు. ఫిర్యాదులు మాత్రం ఆగడం లేదు. ఆ 34ని తీసేసి ప్రామాణిక విచలనం లెక్కగట్టమని ఒకరు, మధ్యగతం ఒక్కటి ఇస్తే చాలని ఇంకొకరు చెప్పారు. ఏం చేయాలి?"

మీ లెక్కలో తప్పేమీ లేదండీ. ఇరవై అంకెలూ కూడితే 140, దాన్ని 20తో భాగిస్తే సరిగ్గా 7. మీ మేనేజర్ చెప్పిందీ అబద్ధం కాదు. కానీ అదే జాబితాను ఒకసారి చిన్నదాని నుంచి పెద్దదానికి సర్ది చూడండి:

1, 1, 2, 2, 2, 3, 3, 3, 4, 4, 5, 5, 6, 6, 7, 8, 11, 14, 19, 34

ఇందులో సరిగ్గా 7 నిమిషాలు ఆగిన మనిషి ఒక్కరే. 14 మంది అంతకంటే తక్కువ ఆగారు. మిగతా ఐదుగురు ఎక్కువ ఆగారు, వాళ్లలో ఒకరైతే దాదాపు ఐదింతలు. రేపు మీరు "ఇక్కడ సగటున 7 నిమిషాలు పడుతుంది" అని బోర్డు పెట్టారనుకోండి. చదివినవాళ్లలో ఎక్కువమంది "అంత పట్టలేదే" అనుకుంటారు. ఆ చివరి నలుగురైదుగురు మాత్రం "ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నారు" అంటారు. మీకు ఫిర్యాదులు రాసేది బహుశా ఆ నలుగురైదుగురే.

ఇంకో లెక్క చూడండి. 10 నిమిషాలు దాటినవాళ్లు నలుగురు: 11, 14, 19, 34. కూడితే 78. అంటే ఆ రెండు గంటల్లో అందరూ కలిసి ఆగిన 140 నిమిషాల్లో సగానికి పైగా నలుగురి నెత్తిన పడింది. సగటు తీయడమంటే ఆ భారాన్ని 20 మందికీ సమానంగా పంచి చూపించడమే. కాగితం మీద పంచుతాం, క్యూలో ఎవరూ పంచుకోరు.

వెయిటింగ్ టైమ్‌లు ఇలా ఒక పక్కకు ఒరగడానికి కారణం ఉంది. ఆగే సమయానికి కింద హద్దు ఉంది, పైన లేదు. సున్నా కంటే తక్కువ ఎవరూ ఆగలేరు. పైకి 20, 34, 60 ఎంతైనా పోవచ్చు. పైగా క్యూలో ఒకరి ఆలస్యం వెనక ఉన్నవాళ్లందరికీ అంటుకుంటుంది. మీ దగ్గరికి సగటున ఆరు నిమిషాలకొకరు వచ్చారు, కానీ గడియారం చూసుకుని ఆరేసి నిమిషాలకు ఎవరూ రారు కదా. పది నిమిషాలు ఖాళీగా ఉండి, తర్వాత నలుగురు ఒకేసారి దిగడం మామూలే. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఏ.కె. ఎర్లాంగ్ 1909లో రాసిన వ్యాసం సరిగ్గా ఈ సంగతి గురించే: కాల్స్ తమకు తోచినట్టు వచ్చిపడుతుంటే ఏమవుతుంది అని. క్యూల గణితం అంతా అక్కడే మొదలైంది. కాబట్టి సోపాన చిత్రం (ఎన్ని నిమిషాలు ఎంతమంది ఆగారో పట్టీలుగా చూపే హిస్టోగ్రామ్) గీస్తే ఎడమవైపు పెద్ద గుట్ట, కుడివైపు సాగిన సన్నటి తోక కనిపించడం ఇక్కడ సహజం. బడిలో నేర్చుకున్న గంట ఆకారపు వక్రరేఖను (బెల్ కర్వ్‌ను) మనసులోంచి తీసేయండి, దాని కోసం చెప్పిన సూత్రాలు ఇక్కడ చాలావరకు పనిచేయవు.

ఇక మధ్యగతం (మీడియన్), అంటే అంకెలను వరుసగా సర్దితే సరిగ్గా నడిమికి వచ్చేది. 20 మందిలో నడిమి ఇద్దరు, అంటే 10వ, 11వ వ్యక్తులు, 4, 5 నిమిషాలు ఆగారు. మధ్యగతం 4.5. సగం మంది నాలుగున్నర నిమిషాల లోపే బయటపడ్డారని అర్థం. మామూలు కస్టమర్ అనుభవం ఎలా ఉందని ఎవరైనా అడిగితే 7 కంటే 4.5 నిజానికి దగ్గరగా ఉంటుంది. మధ్యగతంలో నాకు నచ్చే గుణం ఇంకొకటి ఉంది: అది మొండిది. టైపు చేసేటప్పుడు చెయ్యి జారి 34 కాస్తా 340 అయిందనుకోండి. సగటు 7 నుంచి 22.3కి ఎగిరిపోతుంది. మధ్యగతం ఉన్నచోటే 4.5 దగ్గర కూర్చుంటుంది.

అయితే ఆ మొండితనమే దాని లోపం కూడా. 34 నిజంగా 340 అయినా, పాపం ఆ మనిషి ఐదున్నర గంటలకు పైగా నిలబడ్డా, మధ్యగతానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. అందుకే "మధ్యగతం ఒక్కటి చాలు" అని మీకు చెప్పినవారి మాటతో నేను ఏకీభవించను. సగటు అయితే కనీసం ఆ పెద్ద అంకె ఉందని కాస్త మూలుగుతుంది.

సగటుకు ఇంకెవరూ చేయలేని పని ఒకటుంది, అందుకని దాన్ని పారేయకండి. మీ 20 మంది ఆగిన నిమిషాలు మొత్తం 140, మీరు గమనించింది 120 నిమిషాలు. అందరి ఎదురుచూపూ ఆ రెండు గంటల్లోనే మొదలై ముగిసిందనుకుంటే, 140ని 120తో భాగించగా వచ్చే 1.17 ఏమిటో తెలుసా? ఆ సమయమంతటా మీ క్యూలో సగటున నిలబడి ఉన్న మనుషుల సంఖ్య. గంటకు 10 మంది చొప్పున వస్తూ ఒక్కొక్కరు 7 నిమిషాలు ఆగితే కూడా అదే అంకె వస్తుంది, చేసి చూసుకోండి. దీన్ని లిటిల్ సూత్రం అంటారు. జాన్ లిటిల్ దీనికి 1961లో గణిత నిరూపణ ఇచ్చారు. క్యూ పొడవు, మొత్తం పని భారం లాంటి వాటికి సగటే కావాలి, మధ్యగతంతో ఈ గుణకారం కుదరదు. లోపలికి అడుగుపెట్టే ఒక మనిషికి ఏమవుతుంది అన్న ప్రశ్నకు మాత్రం సగటు పనికిరాదు.

బాహుళకం (అన్నింటికంటే ఎక్కువసార్లు వచ్చిన అంకె, మోడ్) మీద సమయం పెట్టకండి. మీ జాబితాలో 2, 3 రెండూ మూడేసి సార్లు వచ్చాయి, దానితో మీరు చేయగలిగిందేమీ లేదు. కానీ ఎక్కువ రోజుల దత్తాంశంతో సోపాన చిత్రం గీసినప్పుడు రెండు గుట్టలు విడివిడిగా కనిపిస్తే ఆగి చూడండి. రెండు రకాల పనులనో, రెండు వేర్వేరు క్యూలనో ఒకే జాబితాలో కలిపేశారని అది చెబుతోంది. అలా కాకుండా 5, 10, 15 దగ్గర మాత్రమే పొడుగు పట్టీలు లేచాయంటే, రాసినవారు గడియారం చూసి ఉజ్జాయింపుగా వేశారని అర్థం.

ప్రామాణిక విచలనం (స్టాండర్డ్ డీవియేషన్) దగ్గరికొద్దాం, ఎందుకంటే ఎక్కువమంది తప్పుదోవ పట్టేది ఇక్కడే. ముందు అది దేనికి పనికొస్తుందో చెబుతాను. ఒక కౌంటర్ దగ్గర ఐదుగురు 6, 7, 7, 7, 8 నిమిషాలు ఆగారు. ఇంకో కౌంటర్ దగ్గర 1, 2, 3, 4, 25. రెండింటి సగటూ 7. మొదటి కౌంటర్ దగ్గర ఏడెనిమిది నిమిషాలకు సిద్ధపడి వెళ్తే సరిపోతుంది. రెండో దాని దగ్గర మీ అదృష్టం. ఈ తేడాను ఒక అంకెలో చెప్పేదే విచలనం: మొదటి దానికి సుమారు 0.7, రెండో దానికి సుమారు 10. మనుషులు క్యూలో నిలబడడం కంటే, ఎంతసేపో తెలియకుండా నిలబడడానికి ఎక్కువ విసుగుపడతారన్నది ఇన్నేళ్లలో నేను చూసింది. కాబట్టి చెదురు ఎంతో చెప్పే కొలత ఒకటి తప్పకుండా ఇవ్వాలి.

మీ జాబితాకు విచలనం 7.8. సగటు నుంచి ఒక్కో అంకె దూరాన్ని వర్గం చేసి, అన్నీ కూడి, మనుషుల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీస్తే వచ్చేది ఇది. ఒక్కటి తగ్గించి 19తో భాగిస్తే 7.82, 20తో భాగిస్తే 7.62. ఏది సరి అని కొట్టుకోవద్దు. మీ 20 మంది పెద్ద గుంపుకు నమూనా కాబట్టి 19తో భాగించిందే వాడండి, తేడా ఎలాగూ స్వల్పమే. అసలు ప్రమాదం తర్వాతి అడుగులో ఉంది. "68 శాతం మంది సగటుకు ఒక విచలనం అటూ ఇటూ ఉంటారు" అనే సూత్రం గుర్తొస్తుంది. వేసి చూడండి: 7లోంచి 7.8 తీసేస్తే మైనస్ 0.8. రాకముందే పని అయిపోయినవాళ్లు మీ దగ్గర ఎవరైనా ఉన్నారా? పై హద్దు 14.8. ఈ రెండింటి మధ్యా మీ 20 మందిలో 18 మంది, అంటే 90 శాతం పడుతున్నారు. 68 అనేది ఆ గంట ఆకారానికి చెప్పిన మాట, మీ తోకకు కాదు. ఎప్పుడైనా సగటులోంచి విచలనం తీస్తే సున్నా కిందికి పోతోందంటే, మీ దత్తాంశం ఒక పక్కకు బాగా ఒరిగి ఉందని ఆ ఒక్క తీసివేతే చెప్పేస్తుంది. నేను కొత్త రిపోర్టు చేతికి రాగానే మొదట చేసేది ఆ తీసివేతే.

ఒక చిన్న సంగతి, ఎప్పుడైనా మీకు పనికిరావచ్చు. అదే సిబ్బంది, అదే రద్దీ, సగటు కూడా పెద్దగా మారలేదు, కానీ విచలనం మాత్రం పెరిగిందంటే, ఎవరో వరుస తప్పించి పిలుస్తున్నారేమో చూడండి. పని ఎంత పడుతుందన్నది పట్టించుకోకుండా వెనకాయనను ముందు పిలిస్తే, అతనికి మిగిలిన నిమిషాలు ఇంకొకరికి పెరుగుతాయి. మొత్తం మారదు కాబట్టి సగటు కదలదు, చెదురు మాత్రం పెరుగుతుంది. తెలిసినవాళ్లను ముందుకు పంపే అలవాటు ఒకచోట ఇలాగే బయటపడింది. పట్టించింది సీసీ కెమెరా కాదు, నెలవారీ పట్టికలో విచలనం కాలమ్.

విచలనం కంటే మీ మేనేజర్‌కు సులువుగా అర్థమయ్యేవి చతుర్థాంశాలు, పర్సంటైల్స్. సర్దిన జాబితాను రెండు సగాలు చేయండి. కింది సగపు మధ్యగతం 2.5, పై సగపు మధ్యగతం 7.5. ఇవే కింది, పై చతుర్థాంశాలు. మధ్యలోని సగం మంది 2.5 నుంచి 7.5 నిమిషాల మధ్య ఆగారని ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు, ఎవరికీ వర్గమూలాలు వివరించే పని లేదు. కానీ ఫిర్యాదులు అక్కడ లేవు, తోకలో ఉన్నాయి. దానికి 90వ పర్సంటైల్ కావాలి: పదిమందిలో తొమ్మిదిమంది ఎన్ని నిమిషాల లోపు బయటపడ్డారు, అన్నదానికి సమాధానం.

ఇక్కడ ఒక తిరకాసు. ఎక్సెల్‌లో పర్సంటైల్‌కు రెండు రకాల ఫంక్షన్లు ఉన్నాయి, ఒకదాని చివర ఇంక్ (INC) అని, ఇంకోదాని చివర ఎక్స్‌క్ (EXC) అని ఉంటుంది. మీ జాబితాకు మొదటిది 14.5 ఇస్తుంది, రెండోది 18.5. రెండూ తప్పు కావు. 18వ, 19వ వ్యక్తుల మధ్య, అంటే 14కూ 19కూ మధ్య గీత ఎక్కడ గీయాలన్న విషయంలో రెండింటి పద్ధతులు వేరు, అంతే. వందల మంది ఉన్న జాబితాలో ఈ తేడా మామూలుగా కనిపించదు. ఇక్కడ నాలుగు నిమిషాల తేడా వచ్చిందంటే దానర్థం, 20 మంది ఉన్న జాబితాలో 90వ పర్సంటైల్ ఇద్దరి మీద ఆధారపడి నిలబడిందని. ఆ అంకెను ఇప్పుడే రిపోర్టులో బోల్డ్ చేయకండి. కనీసం రెండు మూడు వారాలు, అన్ని వేళల్లోనూ రాసి, కొన్ని వందలు పోగయ్యాక ఇవ్వండి. ఏ ఫంక్షన్ వాడితే ప్రతినెలా అదే వాడండి.

ఇప్పుడు ఆ 34. తీసేయమన్న సలహా ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. గణాంకశాస్త్రవేత్త జాన్ ట్యూకీ చెప్పిన పద్ధతి ఒకటుంది: రెండు చతుర్థాంశాల మధ్య దూరాన్ని ఒకటిన్నరతో గుణించి, పై చతుర్థాంశానికి కలిపి, ఆ గీత దాటిన అంకెలను విడిగా చుక్కలు పెట్టి చూపాలి. మీ విషయంలో దూరం 5, ఒకటిన్నర రెట్లు 7.5, గీత 15 దగ్గర. 19, 34 రెండూ దాటాయి. కానీ ఆ పద్ధతి "వీటిని చూడు" అంటుంది, "వీటిని కొట్టెయ్" అనదు. చుక్క పెట్టింది కంటికి కనపడాలనే.

34ని తీసేస్తే ఏమవుతుందో చూడండి. సగటు 7 నుంచి 5.6కు, విచలనం 7.8 నుంచి 4.7కు దిగుతాయి. ఒక్క వరుస డిలీట్ చేస్తే పట్టిక అంతా చక్కబడినట్టు కనిపిస్తుంది. కౌంటర్ దగ్గర మాత్రం ఏమీ మారలేదు. ఒక అంకెను తీసేయడానికి నాకు ఒప్పుదలైన కారణం ఒక్కటే: అది తప్పుగా రాసిందని రుజువు కావాలి. టోకెన్ మర్చిపోయి బయటికెళ్లి అరగంట తర్వాత వచ్చాడా, నొక్కాల్సిన బటన్ ఆలస్యంగా నొక్కారా, అది కనుక్కోండి. అలాంటిదేమీ లేకపోతే ఆ మనిషి నిజంగా 34 నిమిషాలు నిలబడ్డాడు. మీరు వెతుకుతున్న సమస్య ఆయనే, ఆయన్నే జాబితాలోంచి పంపేస్తే ఇక వెతకడానికేముంది?

అసలు మీ దత్తాంశంలో నాకు అన్నింటికంటే విలువైనదిగా కనిపించింది మీరు మామూలుగా చేసిన ఒక పని: అంకెలను వచ్చిన వరుసలో రాశారు. సగటు, మధ్యగతం, విచలనం, పర్సంటైల్, వీటిలో ఏదీ వరుసను చూడదు. అంకెలను గిన్నెలో వేసి కలిపేసినా అవే జవాబులు వస్తాయి. మీరు మాత్రం కలపొద్దు. అడ్డంగా 1 నుంచి 20 వరకు వచ్చిన క్రమం, నిలువుగా నిమిషాలు పెట్టి, చుక్కలు కలుపుతూ ఒక గీత గీయండి. మొదటి పదిమంది దగ్గర గీత నేల మీద పాకుతుంది. ఆ తర్వాత 6, 8, 14, 19, 34 అంటూ మెట్లెక్కినట్టు ఎక్కి, మళ్లీ 11, 7, 6, 5, 3 అంటూ దిగుతుంది.

ఇది అక్కడొకటి ఇక్కడొకటి పడిన దురదృష్టాల్లా లేదు. పెద్ద అంకెలన్నీ పక్కపక్కనే ఉన్నాయి. మొదటి పదిమంది సగటు 2.7, మధ్యగతం 2.5. తర్వాతి పదిమంది సగటు 11.3, మధ్యగతం 7.5. అంటే మీ "7 నిమిషాలు" రెండు వేర్వేరు కథల నడుమ పడిన అంకె, అది ఏ కథకూ చెందదు. పదకొండో మనిషి వచ్చిన వేళకు అక్కడ ఏదో జరిగింది. ఒక కౌంటర్ మూశారా, భోజనానికి ఒకేసారి ఇద్దరు వెళ్లారా, సిస్టమ్ ఆగిందా, ఎవరికైనా పెద్ద పని పట్టిందా అన్నది మీకు తెలియాలి. పెరిగి, మళ్లీ తగ్గిందంటే ఎవరో వచ్చి కూర్చున్నారో, రద్దీ తగ్గిందో అయుండాలి.

నేను ఈ పనిలో చేరిన కొత్తలో ఒక కాల్ సెంటర్‌కు నెలనెలా రోజువారీ సగటులతో రిపోర్టు పంపేవాణ్ణి. గీత నెలల తరబడి చదునుగా ఉండేది, అందరూ సంతోషం. ఎవరో అడిగారని ఒకసారి అరగంట అరగంటకు విడగొట్టి చూస్తే, షిఫ్టు మారే వేళ ప్రతిరోజూ ఒక గుట్ట. పొద్దున ఖాళీగా ఉండే గంటలు ఆ గుట్టను సగటులో పూడ్చేసేవి. ఆ రోజు పడిన సిగ్గు వల్ల ఇప్పటికీ గంటల వారీగా విడగొట్టకుండా ఏ వెయిటింగ్ టైమ్ రిపోర్టూ పంపను.

విడగొట్టాక మళ్లీ కలిపేటప్పుడు ఒక జాగ్రత్త. ఒక గంటలో 40 మంది వచ్చి సగటున 12 నిమిషాలు ఆగారు, ఇంకో గంటలో ఐదుగురు వచ్చి 2 నిమిషాలు ఆగారు. 12, 2 కలిపి రెండుతో భాగించి 7 అని రాసేవాళ్లను చాలామందిని చూశాను. అసలు లెక్క 490 నిమిషాలు, 45 మంది, అంటే 10.9. లక్ష్యం 10 అయితే మొదటి పద్ధతిలో పాస్, రెండో దాంట్లో ఫెయిల్. రద్దీ గంటలోనే ఎక్కువమంది ఉంటారు, ఎక్కువసేపు ఆగేదీ అప్పుడే. కాబట్టి సగటుల సగటు మీకు తెలియకుండానే మంచిగా కనిపించే వైపు ఒరుగుతుంది. మధ్యగతాల విషయంలో అసలు దారే లేదు, అంకెలన్నీ కలిపి మళ్లీ సర్దాల్సిందే.

జాబితాలో లేనివాళ్ల గురించి కూడా ఆలోచించండి. మీరు రాసింది కౌంటర్ దాకా వచ్చినవాళ్లను. విసుగొచ్చి మధ్యలో వెళ్లిపోయినవాళ్ల మాటేమిటి? అలాంటివాళ్లను లెక్కలోంచి వదిలేస్తే, క్యూ ఎంత ఘోరంగా ఉంటే అంతమంది వెళ్లిపోయి, సగటు అంత అందంగా కనిపించే ప్రమాదం ఉంది. ఆ రోజు ముగ్గురు 20 నిమిషాలకు పైగా నిలబడి వెళ్లిపోయారనుకుందాం. ఉండి ఉంటే ఎంతసేపు ఆగేవారో తెలియదు కాబట్టి సగటు కట్టలేం. మధ్యగతం మాత్రం కట్టొచ్చు. ముగ్గురినీ చివర్లో చేర్చితే 23 మంది, నడిమి మనిషి 12వ వారు, 5 నిమిషాలు. ఆ ముగ్గురూ 21 ఆగేవారైనా 90 ఆగేవారైనా మధ్యగతం 5 నిమిషాలే. ఇందాక తిట్టిన మొండితనం ఇక్కడ కలిసొచ్చింది. 10 నిమిషాలు దాటినవాళ్లు కూడా 20లో నలుగురు కాదు, 23లో ఏడుగురు అవుతారు. అంటే 20 శాతం కాస్తా 30 శాతం.

రాసుకునే పద్ధతిలో దొర్లే పొరపాట్లు త్వరగా చెప్పేస్తాను. "ఆగిన సమయం" ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ముందే తేల్చుకోండి. టోకెన్ తీసుకోవడానికే క్యూ ఉంటే ఆ సమయం మీ మెషీన్‌లో ఎక్కడా ఉండదు. కౌంటర్ దగ్గర పనికి పట్టిన సమయాన్ని ఇందులో కలపకుండా వేరే కాలమ్‌లో పెట్టండి. నాలుగున్నర నిమిషాలను 4.30 అని రాయకండి, 4.5 అని రాయండి. 4 నిమిషాల 50 సెకన్లు, 5 నిమిషాల 10 సెకన్ల సగటు సరిగ్గా 5 నిమిషాలు, వాటినే 4.50, 5.10 అని వేస్తే ఎక్సెల్ 4.80 ఇస్తుంది. గంటలు నిమిషాల ఫార్మాట్‌లో ఉన్న సెల్స్‌ను ఎక్సెల్ లోపల రోజులో భాగంగా దాచుకుంటుంది, 34 నిమిషాలంటే దానికి 0.0236. 1440తో గుణిస్తే నిమిషాలొస్తాయి. మైనస్ సమయాలు కనిపిస్తే రెండు మెషీన్ల గడియారాలు కలవలేదని అర్థం. అవి మైనస్‌లో దొరికాయి గనుక తెలిసింది, అదే తేడా మిగతా అంకెల్లోనూ నిశ్శబ్దంగా ఉండే ఉంటుంది.

ఇక మేనేజర్‌కు ఏం పంపాలి? నేనైతే పట్టిక పంపను, ఆయన మొదటి వరుసలో సగటు చూసి మూసేస్తారు. ఇలా రాస్తాను: "సగం మంది నాలుగున్నర నిమిషాల లోపే కౌంటర్ చేరుకున్నారు. అయితే ఐదుగురిలో ఒకరు మన 10 నిమిషాల లక్ష్యం దాటి ఆగారు, అత్యధికంగా 34 నిమిషాలు. దాటిన నలుగురూ రెండో సగంలో, వెంటవెంటనే వచ్చారు. మధ్యలో వెళ్లిపోయినవారిని ఇంకా లెక్కించలేదు. రెండు గంటల పరిశీలనే కాబట్టి ఇది తొలి అంచనా." కింద ఆ మెట్ల గీత ఒక్కటి అతికించండి. సగటు 7 అని కూడా రాయండి, దాచినట్టు ఉండకూడదు, కానీ చివర్లో రాయండి. "10 నిమిషాల లోపు" అనే లక్ష్యం సగటుకా, ప్రతి మనిషికా, లేక పదిమందిలో తొమ్మిదిమందికా అన్నది కూడా ఆయన్నే అడిగి తేల్చుకోండి. ఇప్పుడు మీ ఇద్దరూ ఒకే అంకెను పట్టుకుని రెండు వేర్వేరు లక్ష్యాల గురించి మాట్లాడుకుంటున్నారేమో అని నా అనుమానం.

వచ్చే వారం రాసేటప్పుడు రెండు కాలమ్‌లు అదనంగా పెట్టండి. ఒకటి, మనిషి వచ్చిన టైమ్. రెండోది, ఆ క్షణాన తెరిచి ఉన్న కౌంటర్లు ఎన్ని. ఆ రెండూ ఉంటే, తర్వాతి 34 కనిపించినప్పుడు దాన్ని తీసేయాలా ఉంచాలా అని ఎవరినీ అడగాల్సిన పని ఉండదు, పక్క గడిలోనే ఉంటుంది కారణం.